క్రమం – చనువు: రెండవ వాటికన్ మహాసభానంతర కతోలిక ఆరాధనలో సంప్రదాయ వివాదం

ఉపోద్ఘాతం

కతోలిక ఆరాధన చరిత్రలో 1969వ సంవత్సరం రెండు నిర్ణయాల కారణంగా విశిష్టమైనది. ఆ ఏడాది ఏప్రిల్ 3న ఆరవ పౌలు పోపు సంస్కరించిన రోమను పూజాగ్రంథాన్ని ప్రకటించారు. మూడు వారాల అనంతరం, ఏప్రిల్ 25న, భారతీయ పీఠాధిపతులు కోరిన పన్నెండు మార్పులకు రోము అనుమతి లభించింది. మొదటి నిర్ణయంపై ఐరోపాలో వినవచ్చిన ప్రధానాక్షేపణ, దివ్యబలిపూజ గాంభీర్యాన్ని విడిచి చనువులోకి జారిందని. రెండవ నిర్ణయంపై భారతదేశంలో వినవచ్చిన ఆక్షేపణ దాదాపు దీనికి విరుద్ధం. తమది కాని మరొక ప్రాచీన సంప్రదాయపు క్రమాన్ని ఆరాధనలోకి తెచ్చారన్నది అక్కడి ఆరోపణ. ఒకే మహాసభ బోధన నుండి పుట్టిన రెండు మార్పులకు ఇంత భిన్నమైన ప్రతిస్పందనలు రావడం పరిశీలించదగిన విషయం.

ఆరాధనలో సంప్రదాయం, చనువు అనేవి ముందుగానే నిర్ణయమైన రెండు కొసలని సాధారణంగా భావిస్తారు. లాటిన్, మౌనం, ధూపం ఒక వైపు. దేశభాష, సంభాషణ, గిటారు మరొక వైపు. ఈ విభజన ఐరోపా, అమెరికాల అనుభవానికి కొంతవరకు సరిపోతుంది గాని, తెలుగు నేలతో సహా భారతీయ అనుభవానికి సరిపోదు. ఒక చేష్ట గాని, ఒక మాట గాని మర్యాదగా తోస్తుందా, చనువుగా తోస్తుందా అన్నది దానిని ఆచరించే సమాజపు జ్ఞాపకాన్ని బట్టి మారుతుంది. ఆ జ్ఞాపకం ఎవరిది, ఆరాధనారూపాన్ని నిర్ణయించే అధికారం ఎవరిది అన్న ప్రశ్నలే ఈ వివాదానికి మూలమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

1. క్రమం స్థిరపడిన తీరు

రోము నగరంలోని తొలి క్రైస్తవ సమాజం ఆరాధనలో గ్రీకు భాషను వాడింది. నాలుగవ శతాబ్దంలో ఆ స్థానాన్ని లాటిన్ ఆక్రమించింది. జనులకు తెలిసిన భాష కోసమే ఈ మార్పు జరిగిందన్నది ప్రచారంలో ఉన్న వివరణ. డచ్ భాషాశాస్త్రవేత్త క్రిస్టీన్ మోర్మన్ దీనికి ముఖ్యమైన సవరణ చేశారు. ఆరాధనలోకి వచ్చిన లాటిన్ వీధిలో వినిపించే లాటిన్ కాదని, ప్రాచీన రోమను ప్రార్థనాశైలి ఛాయలు గల, ఉద్దేశపూర్వకంగా మలచిన భాష అని ఆమె వాదించారు. ఈ వాదాన్ని అంగీకరిస్తే, జనభాషలోకి రావడమూ వ్యవహార భాషలోకి దిగడమూ ఒకటి కావని తేలుతుంది. ఈ భేదం తెలుగు ఆరాధనాభాషను పరిశీలించేటప్పుడు మళ్ళీ అవసరమవుతుంది.

మధ్యయుగంలో ప్రాంతానికొక పద్ధతి ఉండేది. ప్రొటెస్టంటు సంస్కరణోద్యమానికి ప్రతిస్పందనగా సమావేశమైన ట్రెంటు మహాసభ 1563లో ముగిసింది. దాని ఆశయానికి అనుగుణంగా ఐదవ పయస్ పోపు 1570 జూలై 14న ఏకరూప పూజాగ్రంథాన్ని విధించారు. రెండు వందల సంవత్సరాలకు పైబడిన స్థానిక పద్ధతులను మాత్రం కొనసాగనిచ్చారు. 1588లో ఐదవ సిక్స్‌టస్ పోపు ఆరాధనావిధుల పర్యవేక్షణకు రోములో ఒక ప్రత్యేక శాఖను నెలకొల్పారు. గురువు చేతులు ఎంత ఎత్తుకు చాపాలి, ఎక్కడ మోకాలు వంచాలి, ఏ మాట పైకి పలకాలి, ఏది లోలోపల పలకాలి అన్న వివరాలన్నీ నియమబద్ధమయ్యాయి. క్రమాన్ని రోము నిర్ణయిస్తుంది, గురువు ఆచరిస్తాడు, విశ్వాసులు తిలకిస్తారు అన్న అమరిక దాదాపు నాలుగు శతాబ్దాలు నిలిచింది. తరువాతి తరాలు ‘సంప్రదాయం’ అని పేర్కొన్నది ప్రధానంగా ఈ అమరికనే.

2. మహాసభ పత్రంలోని ద్వంద్వం

ఈ అమరికలో విశ్వాసుల పాత్రను పెంచాలన్న ఆలోచన రెండవ వాటికన్ మహాసభతో మొదలు కాలేదు. 1903లో పదవ పయస్ పోపు సంగీతంపై వెలువరించిన పత్రంలోనే విశ్వాసుల క్రియాశీల భాగస్వామ్యం ప్రస్తావనకు వచ్చింది. 1947లో పన్నెండవ పయస్ పోపు ఆరాధనపై విశ్వలేఖ వెలువరించారు. 1955లో పవిత్రవారపు విధులు సంస్కరణ పొందాయి. ఈ పరిణామాల ఫలితంగా 1963 డిసెంబరు 4న మహాసభ ఆరాధనాసంవిధానం 2,147 అనుకూల, 4 ప్రతికూల ఓట్లతో ఆమోదం పొందింది.

అంతటి ఏకాభిప్రాయం సాధించిన పత్రంలోనే తరువాతి వివాద బీజాలు ఉన్నాయి. 22వ అధికరణం ఆరాధనా నియంత్రణ శ్రీసభాధికారానిదేనని, గురువైనా సరే తన ఇష్టానుసారం దేనినీ చేర్చడం, తీసివేయడం, మార్చడం తగదని శాసించింది. 34వ అధికరణం విధులు సరళంగా, స్పష్టంగా, అనవసర పునరుక్తి లేకుండా ఉండాలని కోరింది. 36వది లాటిన్ వాడకాన్ని నిలుపుతూనే దేశభాషలకు విస్తృతమైన అవకాశం ఇచ్చింది. 37 నుండి 40 వరకు గల అధికరణాలు వివిధ జాతుల సంస్కృతులకు అనుగుణమైన మార్పులను అనుమతించాయి. నియంత్రణ, సరళత, వైవిధ్యం అనే మూడు ఆశయాలను ఒకే పత్రం ఏకకాలంలో ప్రకటించిందన్నమాట. మూడింటిలో దేనికి ప్రాధాన్యమిస్తే ఆ పక్షానికి మహాసభ ప్రమాణమే ఆధారంగా లభించింది.

3. పాశ్చాత్య దేశాలలో చనువు

1965 మార్చి 7న తొలి విడత మార్పులు అమలులోకి వచ్చాయి. ఆనాడు ఆరవ పౌలు పోపు రోములోని ఒక విచారణ దేవాలయంలో ఇటాలియన్ భాషలో పూజ జరిపారు. అచిరకాలంలోనే అనేక ప్రాంతాలలో పీఠం ప్రజలకు అభిముఖంగా మారింది. మహాసభ సంవిధానంలో ఈ ఆదేశం ఎక్కడా లేదు. అయినప్పటికీ సామాన్య విశ్వాసి దృష్టిలో సంస్కరణకు ప్రధాన చిహ్నంగా నిలిచింది ఇదే. గురువు జనంతో కలిసి ఒకే దిశకు తిరిగి ప్రార్థించడానికి బదులు జనాన్ని చూస్తూ పలకడం మొదలైన తరువాత, ఆయన ముఖకవళికలు, కంఠస్వరం, పలకరింపు ధోరణి కూడా ఆరాధనలో భాగమయ్యాయి. అమెరికాలో జానపద బాణీల గీతాలు, గిటారు పూజావేదిక దగ్గరకు వచ్చాయి. ఇళ్ళలో భోజనాల బల్ల చుట్టూ జరిపే పూజలు, గురువు అప్పటికప్పుడు కూర్చిన ప్రార్థనలు కొన్ని దేశాలలో కనిపించాయి. 1970 సెప్టెంబరు 5న వెలువడిన మూడవ మార్గదర్శక పత్రంలో రోము ఇటువంటి వ్యక్తిగత ప్రయోగాలకు స్వస్తి చెప్పాలని ఆదేశించవలసి వచ్చింది.

ప్రతిఘటన పలు స్థాయిలలో సాగింది. 1969లో కార్డినల్ ఒత్తావియాని, కార్డినల్ బాచ్చీ నూతన పూజావిధి వేదాంతాన్ని ప్రశ్నించే విమర్శనాపత్రాన్ని పోపుకు సమర్పించారు. ఫ్రెంచి అగ్రపీఠాధిపతి మార్సెల్ లెఫెవ్రు 1970లో ప్రారంభించిన గురువుల సంఘం నూతన విధిని తిరస్కరించింది. 1988లో ఆయన పోపు అనుమతి లేకుండా నలుగురిని పీఠాధిపతులుగా అభిషేకించడంతో వివాదం చీలికగా పరిణమించింది. ఇంగ్లండులో రచయితలు, కళాకారులు ప్రాచీన విధిని కాపాడవలసిందిగా విన్నవించారు. వారిలో కతోలికేతరులూ ఉన్నారు. 1971 నవంబరులో లభించిన పరిమితానుమతికి, సంతకం చేసినవారిలో ఒకరైన నవలాకారిణి అగాథా క్రిస్టీ పేరు వాడుకలో స్థిరపడింది.

ఈ ప్రతిఘటనను కేవలం ఉన్నతవర్గపు కళాభిరుచిగా కొట్టివేయడానికి వీలులేదని చూపినవారు మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్. సహజ సంకేతాలపై 1970లో ప్రచురించిన గ్రంథంలో ఆమె లండనులోని ఐరిష్ శ్రామికులను ఉదాహరించారు. శుక్రవారం మాంసం మానడం వారికి తమ మతానికి, తమ మూలానికి విధేయతను చాటే గుర్తు. చదువుకున్న సంస్కర్తలు దానిని అర్థరహితమైన బాహ్యాచారంగా పరిగణించి, అంతరంగ శుద్ధిని, స్వచ్ఛంద దానాన్ని దాని స్థానంలో నిలపదలిచారు. మాటల మీద ఆధారపడే మతం మాటకారులకు అనుకూలిస్తుందని, సంకేతాల మీద ఆధారపడినవారికి నష్టం కలిగిస్తుందని ఆమె వాదసారం. చనువు ఎల్లప్పుడూ ప్రజాస్వామికమన్న నమ్మకాన్ని ఈ విశ్లేషణ సందేహంలో పడవేస్తుంది. ఎవరికి చనువు, ఎవరి సొత్తుకు నష్టం అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

4. భారతదేశం: ఎంగిలి నుండి కళ్ళకద్దుకోవడం దాకా

ఈ ప్రశ్న భారతదేశంలో మూడున్నర శతాబ్దాల ముందే ఉదయించింది. 1606లో మదురై చేరిన ఇటాలియన్ యేసుసభ గురువు రాబర్టో డి నోబిలి, నాయకరాజుల పాలనలో ఉన్న ఆ నగరంలో తమిళంతో పాటు తెలుగు నేర్చుకున్నాడు. తెలుగు బ్రాహ్మణ పండితుడు శివధర్ముని వద్ద సంస్కృతం అభ్యసించాడు. యజ్ఞోపవీతం, శిఖ, గంధం వంటివి సాంఘిక చిహ్నాలని, క్రైస్తవులైనవారు వాటిని నిలుపుకోవచ్చునని ఆయన వాదించాడు. 1623లో పదిహేనవ గ్రెగరీ పోపు కొన్ని షరతులతో దీనికి సమ్మతించారు. పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరు కేంద్రంగా తెలుగు ప్రాంతానికి విస్తరించిన కర్ణాటక మిషన్ కూడా ఈ పద్ధతినే అనుసరించింది.

1704లో పోపు ప్రతినిధి తుర్నోన్ పుదుచ్చేరిలో జారీ చేసిన శాసనం ఈ పద్ధతులలో అనేకాన్ని నిషేధించింది. అందులోని ఒక అంశం ప్రస్తుత చర్చకు కీలకం. జ్ఞానస్నాన విధిలో గురువు తన ఉమ్మిని స్నానార్థి చెవులకు, ముక్కుకు తాకించే ఆచారం ఉండేది. సువార్తలో క్రీస్తు చెవిటివానిని స్వస్థపరచిన ఘట్టానికి అది అనుకరణ. రోము దృష్టిలో పరమ పవిత్రమైన ప్రాచీనాచారం. భారతీయుల దృష్టిలో అది ఎంగిలి. ఆ జుగుప్సను ఎరిగిన మిషనరీలు దానిని వదలివేశారు. శాసనం దానిని తిరిగి విధించింది. సంప్రదాయాన్ని సడలించడంగా రోముకు కనిపించినది స్థానికులకు శుచిని, మర్యాదను పాటించడంగా కనిపించింది. 1744లో పద్నాలుగవ బెనెడిక్టు పోపు ఈ వివాదాన్ని నిషేధాల పక్షాన ముగించి, మిషనరీలు ఆ మేరకు ప్రమాణం చేయాలని శాసించారు. ఆ ప్రమాణం రద్దు కావడానికి 1940 వరకు ఆగవలసి వచ్చింది.

ఇదే వివాదంలో రెండవ పార్శ్వం ఒకటి ఉంది. అవర్ణులైన రోగుల ఇళ్ళలోకి వెళ్ళి సంస్కారాలు ఇవ్వడానికి మిషనరీలు వెనుకాడుతున్నారన్న ఆరోపణపై కూడా తుర్నోన్ శాసనం స్పందించింది, వెళ్ళి తీరాలన్నది. 1744 నాటి పరిష్కారంలో అవర్ణులకు వేరుగా గురువులను నియమించే ఏర్పాటుకు అంగీకారం లభించింది. ‘స్థానిక సంప్రదాయం’ పేరుతో ఆరాధనలోకి వచ్చినది ఎవరి సంప్రదాయమన్న ప్రశ్నకు మూలం ఇక్కడ కనిపిస్తుంది.

1969 నాటి పన్నెండు అంశాలను ఈ నేపథ్యంలో చదవాలి. 1967లో బెంగుళూరులో స్థాపితమైన జాతీయ బైబిలు, సత్యోపదేశ, ఆరాధనా కేంద్రం, దాని వ్యవస్థాపక సంచాలకులు డి. ఎస్. అమలోర్‌పవదాస్ ఈ కృషిలో ముఖ్యపాత్ర వహించారు. పాదరక్షలు విడిచి నేలమీద కూర్చోవడం, మోకాలు వంచడానికి బదులు అంజలి ఘటించడం, పంచాంగ ప్రణామం, కొవ్వొత్తులకు బదులు నూనె దీపాలు, పాశ్చాత్య పూజావస్త్రాల స్థానంలో అంగవస్త్రంతో కూడిన నిరాడంబర వస్త్రం, పుష్పధూపదీపాల హారతి వాటిలో ఉన్నాయి. పవిత్రవస్తువులను ముద్దు పెట్టుకోవడానికి బదులు చేతితో తాకి కళ్ళకు గాని నుదుటికి గాని అద్దుకోవచ్చునన్నది మరొకటి. పదునెనిమిదవ శతాబ్దంలో ఎంగిలి విషయంలో నిరాకరించిన సౌలభ్యానికి ఇది ఆలస్యంగా లభించిన సమాధానంగా చెప్పవచ్చు. వీటిలో విశ్వాసుల ప్రార్థనకు ఇచ్చిన స్వేచ్ఛ ఒక్కటే పాశ్చాత్యార్థంలో చనువుకు చేరువైనది. మిగిలినవి క్రమాన్ని సడలించలేదు. ఒక క్రమం స్థానంలో మరొక క్రమాన్ని, తరచుగా మరింత గంభీరమైన దానిని, నిలిపాయి.

వ్యతిరేకత రెండు దిక్కుల నుండి వచ్చింది. లాటిన్ సంప్రదాయాభిమానులు దీనిని ఆరాధనను హిందూకరించడంగా చూశారు. 1975లో కార్డినల్ నాక్స్ లేఖ ద్వారా రోము ప్రయోగాత్మక భారతీయ స్తోత్రబలి ప్రార్థనను, ఆరాధనలో బైబిలేతర గ్రంథ పఠనాన్ని నిలిపివేసింది. రెండవ వ్యతిరేకత 1980ల నుండి దళిత క్రైస్తవ చింతనలో స్పష్టమైన రూపం పొందింది. సంస్కృతీకరణ పేరుతో ఎంచుకున్న చిహ్నాలు ప్రధానంగా ఆలయ, ఆశ్రమ సంప్రదాయానివని, డప్పు, జానపదగానం వంటివి ఆ ఎంపికలో వెనుకబడ్డాయని ఆ విమర్శ సారాంశం.

తెలుగు ప్రాంతంలో ఈ విమర్శకు ప్రత్యేకమైన బరువు ఉంది. తొలికాలపు తెలుగు కతోలికులలో రైతుకులాల కుటుంబాలు గణనీయం కాగా, నేటి సమాజంలో దళితులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పాదరక్షలు విడవడం దేవాలయంలో భక్తికి చిహ్నం. అగ్రవర్ణాల వీధిలో చెప్పులు చేతపట్టి నడవవలసి వచ్చిన వారి జ్ఞాపకంలో అదే అవమానానికి చిహ్నం. నేలమీద కూర్చోవడం పల్లె దేవాలయాలలో రోము అనుమతికి ముందు నుండీ ఉన్న అలవాటే. అనుమతిపత్రం దానికి ‘భారతీయ సంప్రదాయం’ అన్న పేరు పెట్టడంతో, నిన్నటి అలవాటు నేటి సిద్ధాంతమయింది. పేదరికం వల్ల నేలపై కూర్చున్నవానికీ, సంస్కృతి పేరుతో బల్లలు తొలగించి నేలపై కూర్చున్నవానికీ భంగిమ ఒక్కటే; అర్థం ఒక్కటి కాదు.

5. తెలుగు ఆరాధనాభాష: గౌరవవాచకపు సాక్ష్యం

చేష్టల విషయంలో కనిపించిన ఈ సాపేక్షత భాషలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. తెలుగులో కతోలిక సాహిత్యవాసన మహాసభతో మొదలైనది కాదు. మంగళగిరి ఆనందకవి రచించిన ‘వేదాంతరసాయనము’ పద్దెనిమిదవ శతాబ్దిలోనే క్రీస్తుచరితను ప్రబంధ ఫక్కిలో కావ్యీకరించింది. అందువల్ల మహాసభానంతరం దేశభాషలోకి రావడమంటే తెలుగు కతోలికులకు శూన్యం నుండి ఆరంభం కాదు. ఇంటిజపాలలో, జపమాలలో తెలుగు అప్పటికే రూఢమై ఉంది. లాటిన్ పూజ జరుగుతున్న కాలంలోనే భక్తుని అంతరంగం తెలుగులో పలికేది.

ఆ జపభాషలో ఒక విశేషం గమనించదగినది. తెలుగు ప్రొటెస్టంటుల ప్రభుప్రార్థన దేవుని ‘నీ’ అని సంబోధిస్తుంది. కతోలికుల ప్రభుప్రార్థన ‘మీ’ అంటుంది. మరియమాతకు చెప్పే జపంలోనూ ‘మీరు’ అన్న గౌరవవాచకమే ఉంది. లాటిన్ మూలంలో రెండు చోట్లా ఉన్నది ఏకవచనమే. తెలుగు పద్యసంప్రదాయంలో, భక్తి కీర్తనలలో భగవంతుని ‘నీవు’ అనడం పరిపాటి. అక్కడ ఆ ఏకవచనం ఆత్మీయతను సూచిస్తుంది గాని అగౌరవాన్ని కాదు. కనుక ‘నీవు’ సంప్రదాయసిద్ధమే, ‘మీరు’ మర్యాదసిద్ధమే. వీటిలో ఏది సంప్రదాయం, ఏది చనువు అని సర్వనామాన్ని మాత్రమే చూసి తీర్పు చెప్పలేము.

ఫ్రెంచి అనుభవం దీనికి చక్కని పోలిక. ఫ్రెంచి కతోలికులు ప్రభుప్రార్థనలో దేవుని గౌరవ బహువచనంతో సంబోధించేవారు. 1966లో ఇతర క్రైస్తవ శాఖలతో కలిసి స్వీకరించిన ఉమ్మడి పాఠంలో ఏకవచనం ప్రవేశించింది. కొందరికి అది బైబిలు మూలానికి దగ్గర కావడం. కొందరికి దేవునితో అతిచనువు. ఇంగ్లీషులో ఇందుకు విలోమమైన పరిణామం జరిగింది. ఒకనాడు సన్నిహితులకు వాడిన ప్రాచీన ఏకవచన సర్వనామం వ్యవహారం నుండి తప్పుకున్నందువల్ల ప్రార్థనలో మాత్రమే మిగిలి, పరమ గంభీరంగా ధ్వనించసాగింది. చనువుమాట కాలక్రమాన క్రమమాటగా మారిందన్నమాట.

తెలుగు ఆరాధనాభాష క్రియారూపాలలోనూ ఇటువంటి నిలకడ ఉంది. ఇరవయ్యవ శతాబ్దిలో గిడుగు రామమూర్తి ఉద్యమ ఫలితంగా పత్రిక, పాఠశాల, కథ, నవల వ్యావహారికానికి మళ్ళాయి. ఆరాధనలో మాత్రం ‘గాక’తో ముగిసే ఆశీరర్థక రూపాలు, ‘-ము’ వర్ణాంతాలు నిలిచాయి. వీటిని పలికే కూలీ, విద్యార్థి, గృహిణి తమ సంభాషణలో వీటిని వాడరు. అయినా పూజలో తడుముకోకుండా పలుకుతారు. మోర్మన్ లాటిన్ గురించి గమనించినది ఇక్కడ వర్తిస్తుంది. జనభాషలోకి వచ్చిన ఆరాధన వ్యవహారశైలిలోకి దిగలేదు. గురువు పలకరింపుకు విశ్వాసులు ఇచ్చే సమాధానం మరొక నిదర్శనం. లాటిన్‌లో ఉన్న ‘ఆత్మ’ అన్న మాటను 1973 నాటి ఇంగ్లీషు అనువాదం వదలి, సంభాషణకు దగ్గరైన ప్రత్యుత్తరాన్ని ఎంచుకుంది. 2011లో తిరిగి ‘ఆత్మ’ను తెచ్చుకుంది. తెలుగు సమాధానం ‘ఆత్మ’ను నిలుపుకొని ఉంది. ఇంగ్లీషు వివాదాన్ని యథాతథంగా తెలుగు పూజావిధికి ఆరోపించడం ఎంత అసంగతమో దీనివల్ల తెలుస్తుంది.

6. అధికారం ఎటు మొగ్గిన అటు

ఇరవై ఒకటవ శతాబ్దిలో రోము నిర్ణయాలు లోలకంలా కదిలాయి. 2001 నాటి అనువాద నియమాలు లాటిన్ మూలానికి సన్నిహితమైన పాఠాన్ని కోరాయి. 2004లో ఆరాధనలోని అపచారాలపై సవివరమైన ఆదేశపత్రం వెలువడింది. 2007 జూలై 7న పదహారవ బెనెడిక్టు పోపు ప్రాచీన విధికి విస్తృతానుమతి ఇచ్చారు. 2017లో ఫ్రాన్సిస్ పోపు అనువాద బాధ్యతలో పీఠాధిపతుల సమాఖ్యలకు ఎక్కువ అధికారం ఇచ్చారు. 2021 జూలై 16న ప్రాచీన విధిపై తిరిగి పరిమితులు విధించారు. ఆ చివరి పత్రం పేరుకు అర్థం ‘సంప్రదాయ రక్షకులు’. సంప్రదాయవాదులుగా పేరొందినవారు కోరే విధిని నియంత్రించే పత్రానికి ఆ పేరు ఉండటం యాదృచ్ఛికం కాదు. రక్షకులు పీఠాధిపతులన్నది దాని ప్రథమ వాక్యార్థం. అంటే, సంప్రదాయం ఏదన్న ప్రశ్నకు పత్రం ఇచ్చిన జవాబు, దానిని కాపాడే అధికారం ఎవరిదన్నది. 1963 నాటి 22వ అధికరణం మొదలు 2021 వరకు ఈ అంశంలో మార్పు లేదు. 1975లో భారతీయ ప్రయోగాలను ఆపినదీ, 1970లో పాశ్చాత్య ప్రయోగాలను ఆపినదీ ఇదే సూత్రం.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ఆరాధనలో గాంభీర్యం, చనువు అనే గుణాలు చేష్టకు, మాటకు సహజంగా అంటిపెట్టుకొని ఉండవు. ఉమ్మి, ముద్దు, పాదరక్ష, సర్వనామం అనే నాలుగు ఉదాహరణలూ దీనికి సాక్ష్యం. రెండవది, దేశభాషాస్వీకారం తెలుగులో శైలీపతనానికి దారితీయలేదు. వ్యవహారం విడిచిన రూపాలకు ఆరాధన ఆశ్రయమిచ్చింది. మూడవది, సంప్రదాయాన్ని నిలపడం గాని సడలించడం గాని, ఆ సంప్రదాయం ఎవరిదన్న ప్రశ్న వేయకుండా చేసినప్పుడు, సంకేతాల మీద ఆధారపడినవారికే నష్టం కలిగింది. లండను ఐరిష్ శ్రామికుల శుక్రవార నియమం, తెలుగు దళిత విశ్వాసి చెప్పుల జ్ఞాపకం భిన్నమైన చరిత్రలకు చెందినవి. తమ ఆరాధనారూపాన్ని నిర్ణయించినప్పుడు తమను అడిగినవారు లేరన్న విషయంలో మాత్రం ఆ రెండు సమాజాల అనుభవం ఒక్కటే. తెలుగు కతోలిక జపభాష, పల్లె దేవాలయాల ఆచరణ ఇప్పటికీ మౌఖికంగా సజీవంగా ఉన్నాయి. వాటిని అనుమతిపత్రాల పక్కన పెట్టి చదివినప్పుడే తెలుగు ఆరాధనచరిత్ర సమగ్రమవుతుంది.